లేని లోకాల చిల్లర

"నవాబుల కాలం నాటిది మేడం. చేతిలో పెట్టుకోని సూడండి, బరువు తెలుస్తాది" అన్నాడు పాత సామాన్లాయన.

ఆదోని బజారులో ఒక గోనెపట్టా. దాని మీద తుప్పు పట్టిన తాళాలు, విరిగిన ఇత్తడి గంటె, రెండు గడియారాల డొక్కులు, వాటి మధ్య ఒక రాగి బిళ్ళ. నేను పాత నాణేలు కొనే మనిషిని కాదు. యెమ్మిగనూరు బస్సుకు ఇంకా టైముందని వంగి చూశానంతే. బిళ్ళ మీద బొమ్మ లేదు, అక్షరం లేదు. అంచున మాత్రం సన్నటి చీలిక. తీసి పక్కనున్న బండమీద వేశాను. ఖంగుమనలేదు. తడిగుడ్డ పడ్డట్టు తప్పుమంది.

"ఏ నవాబు అన్నా?" అని అడిగాను.

"ఏమో మేడం, శానామంది ఉండ్రి గదా."

నాకు నవ్వు ఆగలేదు. ఆయనకు కోపమొచ్చింది. "కొంటే కొనండి, లేకుంటే ఈడ పెట్టి పోండి. నగేదెందుకు?" అన్నాడు. బేరం చేయకుండా కొన్నాను. నేను బేరం చేయకుండా వస్తువు కొన్నానంటే మా ఇంట్లో ఎవరూ నమ్మరు. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక నవ్వు పోయి ఏడుపొచ్చింది. ఆ బిళ్ళ ఏ నవాబుదీ కాదు. కళ్ళులేని మనుషులుండే ఒక లోకానిది. దాన్ని చేసిన మనిషి చేస్తుండగా నేను పక్కనే కూర్చుని టీ తాగాను.

ఆయన పేరు రాయను. ఊరందరి పేర్లూ చెక్కిన మనిషి తన పేరు ఒక్క గరిటె మీద కూడా చెక్కుకోలేదు. ఒకసారి అడిగితే "నాకెవురు గిన్నెలు సదివిస్తారు టీచరమ్మా" అన్నాడు. మేమందరం చాచా అనేవాళ్ళం. ఇక్కడా చాచానే.

పెళ్ళికో గృహప్రవేశానికో బిందె చదివిస్తూ ఫలానావారు అని పేరు వేయించకుండా ఇచ్చేవాళ్ళు మన దగ్గర ఎవరున్నారు? ఆ పేర్లు వేయడమే చాచా పని. స్టీలు సామాన్ల అంగడి మెట్ల పక్కన నాపరాయి అరుగు, దాని మీద మడత పెట్టిన గోనె, చేతిలో జుయ్యిమనే చిన్న మిషను. కళ్ళజోడుకు ఒక కాడ లేదు, దారంతో చెవికి కట్టుకునేవాడు. ఏ గిన్నె వచ్చినా ముందు వేలి కణుపుతో ఒక దెబ్బ కొట్టి, తల వంచి విని, గిన్నె ఏదో చెప్పినట్టు "ఊ" అనేవాడు. ఆ తరువాత పేరు అడిగేవాడు కాదు. "ఈ గిన్నె యా ఇంటికి పోతాండాది? తిండి పెట్టే మనుషులేనా?" అని అడిగేవాడు. అవతలివాళ్ళు నసిగితే సన్నక్షరాలు వేసేవాడు. పిసినారి ఇంటికి పెద్దక్షరాలు దండగ అనేది ఆయన సిద్ధాంతం.

నా పుట్టిల్లు ఆదోని, మెట్టినిల్లు యెమ్మిగనూరు, బడి ఆ రెంటికీ మధ్య పల్లెలో. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని పిల్లలంటారు. ఉంటుంది, కాదనను. చాచాతో నా పరిచయం కూడా కోపంతోనే మొదలైంది. పత్తి వ్యాపారి ఒకాయన మా బడికి కుళాయి ఉన్న పెద్ద స్టీలు డ్రమ్ము ఇచ్చాడు, మంచినీళ్ళకు. దాని మీద తన పేరు వేయించే బాధ్యత నా నెత్తిన పెట్టాడు. నేను డ్రమ్ము దింపించి, పేరు చీటీ చాచా చేతికిచ్చి, చీర కొనుక్కోవడానికి పోయాను. వచ్చేసరికి పని అయిపోయింది. చుట్టూ తిరిగి చూశాను. పేరు లేదు.

"యాడ వేసినారు చాచా?"

"కింద."

డ్రమ్ము అడుగున వేశాడు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, అది వేరే సంగతి. నాకు ఒళ్ళు మండిపోయింది. రేపు ఆయనొచ్చి పేరేదని అడిగితే నింపిన డ్రమ్ము ఎత్తి చూపించాలా అని అరిచాను. చాచా మూతి పక్కకు తిప్పి స్టీలు రజను ఊదేసి, నింపాదిగా అన్నాడు: "నీళ్ళ ముందర పేరేంది టీచరమ్మా? పిల్లోళ్ళు పేరు సదివి తాగల్నా? అందరి దప్పిక తీరినాక, కడిగేటప్పుడు తిరగేస్తారు గదా, అప్పుడు కనపడతాది."

వ్యాపారి వచ్చి డ్రమ్ము చుట్టూ రెండు ప్రదక్షిణాలు చేశాడు. కింద ఉంది సార్ అన్నాను. ఆయన కాసేపు నా మొహం చూసి, ఒక గ్లాసు నీళ్ళు పట్టుకుని తాగి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి ఆదోని పోయినప్పుడల్లా ఆ అరుగు దగ్గర కాసేపు కూర్చోవడం అలవాటైంది.

చంద్రుడి మీద మనవాళ్ళ యంత్రం దిగిన సాయంత్రం ఎదురుగా ఉన్న మిఠాయి అంగట్లో టీవీ పెట్టారు. బజారు బజారంతా చప్పట్లు. చాచా మిషను ఆపేసి, చెవికున్న దారం సర్దుకుని, నన్ను అడిగిన మాట ఇది: "టీచరమ్మా, ఆ పక్క యాడన్నా మనుషులట్లాంటోళ్ళు ఉంటే, వాళ్ళ దగ్గర చిల్లర ఉంటాదా?"

ఎవరికైనా నీళ్ళున్నాయా, గాలి ఉందా అనే సందేహం వస్తుంది. ఈయనకు చిల్లర గురించి వచ్చింది. నేను నవ్వితే చాచా నవ్వలేదు. "ఖర్చు పెట్టేది కాదమ్మా నేనడిగేది. దాసిపెట్టుకునేది. మనోళ్ళు పాత పైసలు డబ్బాల్లో దాసుకుంటారు గదా, అట్ల వాళ్ళు ఏం దాసుకుంటారు?"

ఆ ప్రశ్న ఆయనకు ఎందుకు వచ్చిందో నాకు తరువాత తెలిసింది. అంగట్లో పాత ఇత్తడికి కొత్త స్టీలు ఇచ్చేవాళ్ళు. ఆ పాత బిందెల్ని తూకానికి పంపే ముందు చాచా లోపల చెయ్యి పెట్టి తడిమేవాడు. ఒకసారి ఆలూరు పక్క పల్లెనుంచి వచ్చిన కడవలో పసుపుగుడ్డలో ముడుపు దొరికింది. లోపల ఒక్క రూపాయి బిళ్ళ. ఎప్పటి మొక్కో, తీరిందో తీరలేదో. చాచా మరుసటి రోజు పని మానుకుని షేరు ఆటోలు రెండు మారి ఆ పల్లెకు పోయి, ఆ కడవ ఎవరిదో కనుక్కుని, ముడుపు ఆ ఇల్లాలి చేతిలో పెట్టి వచ్చాడు. పోను రాను చార్జీలు ఆ రూపాయికి ఎన్ని రెట్లో నేను లెక్కలు చెప్పే మనిషిని కాబట్టి వెంటనే చెప్పేశాను. చాచా నావైపు జాలిగా చూశాడు.

"అది ఖర్చుకు పెట్టుకున్న రూపాయి కాదు టీచరమ్మా. ఆయమ్మ దాన్ని సూసి ఏడ్సింది. మనిషి ఖర్చు పెట్టిన పైసలు సూస్తే ఏం తెల్దు. ఏది ఖర్చు పెట్టకుండ పెట్టుకున్నాడో సూడల్ల."

అట్లా మొదలైంది. అంగట్లో మిగిలిన రేకు ముక్కలు, రాగి తునకలు గుండ్రంగా కత్తిరించి, గిరాకీ లేనప్పుడు లేని లోకాల చిల్లర తయారు చేసేవాడు. కళ్ళులేని వాళ్ళ లోకంలో నాణేలకు బొమ్మలుండవు, మోతలుంటాయి. వాళ్ళలో పెద్ద సేకరణ ఉన్నవాడు పైసలన్నీ ఒక్కొక్కటిగా రాయి మీద వేస్తూ చుట్టాలకు వినిపిస్తాడు. అన్నిటికంటే అపురూపమైనది చీలిపోయి మూగదైన బిళ్ళ. ఎందుకు చాచా అంటే, "మోత ఎవుడన్నా దొంగగా చేస్తాడు. మూగది చేసేకి ఎవునికి బుద్ధి పుడతాది?" అన్నాడు. పుట్టింది గదా నీకు అన్నాను. పగలబడి నవ్వాడు.

నీళ్ళలో బతికేవాళ్ళవి ఉప్పు బిళ్ళలట. చేతిలోకి వచ్చేలోగా కరిగిపోతాయి. కాబట్టి వాళ్ళలో ఎవడి డబ్బా ఖాళీగా ఉంటే వాడే గొప్పోడు. ఆ లోకం నాణేలని చెప్పి నాకు ఒక ఖాళీ అగ్గిపెట్టె ఇచ్చాడు. దాన్ని మా అత్తగారు పొయ్యి దగ్గర పెట్టుకుని, పుల్లలేవే అని నన్ను తిట్టింది. ఇక కొండంత మనుషులుండే లోకం సంగతి చెప్పేటప్పుడు చెయ్యెత్తి ఆదోని కొండల్ని చూపించాడు. ఆ రాతిగుండ్లన్నీ వాళ్ళలో ఎవడో సంతకు పోతూ జేబు చిల్లిపడి పారబోసుకున్న చిల్లరట. "వాడు ఎతుక్కుంట వస్తే మన గతేంది చాచా?" అంటే, "ఏముంది, మనల్ని గూడా ఏరుకుంటాడు, మట్టి అంటుకుందని తుడుస్తాడు" అన్నాడు.

ఆఖరున చెప్పింది ఒక్కరోజే బతికేవాళ్ళ లోకం గురించి. వాళ్ళు రేపటి తారీకు వేసిన పైసలు దాచుకుంటారట. ఖర్చు పెట్టడానికి వాళ్ళుండరు. అయినా ప్రతి ఇంట్లో ఒక డబ్బా ఉంటుందట.

ఆయన భార్య చాచీకి ఇవేవీ నచ్చేవి కావు. నేను వాళ్ళింటికి పోతే మొదటి మాట అదే. "సూడమ్మా, లేని లోకాలకు పైసలు కొట్టిస్తాండాడు. ఉన్న లోకంలో ఉప్పు నిండుకునింది, ఎవురు తెస్తారు?" చాచా గమ్మున లేచి సంచీ తీసుకుని పోయేవాడు. ఉప్పుతోపాటు ఆమెకిష్టమైన జిలేబీ కూడా తెచ్చేవాడు. ఆమె తిడుతూనే తినేది.

ఒక శనివారం, పిల్లలు పుస్తకాల సంచి తేనక్కరలేని రోజు, చాచాను ఎనిమిదో తరగతికి తీసుకుపోయాను. హెడ్మాస్టరు "లెక్కల పీరియడ్లో గిన్నెలాయనేందమ్మా" అని సణిగాడు. చాచా ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు, జేబునిండా బిళ్ళలు. బడి గడప దాటేటప్పుడు చెప్పులు విప్పబోతే పిల్లలు వద్దు సార్ వద్దు సార్ అని అరిచారు. తనను ఎవరో సార్ అనడం అదే మొదటిసారట.

మోతల పైసలు వినిపించాడు, ఖాళీ డబ్బా చూపించాడు, పిల్లలు పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వారు. అప్పుడు చాచా కుర్చీలో కూర్చుని ఒక ప్రశ్న వేశాడు.

"ఇంగో లోకం ఉండాది. ఆడ ఆర్నెల్లు ఒక పక్క ఎండిపోతాది. జనమంతా మూటాముల్లె కట్టుకోని రెండో పక్కకు పోతారు. అది ఎండినాక మళ్ళా ఈ పక్కకు వస్తారు. వాళ్ళు ఏం పైసలు దాసుకుంటారు?"

వెనక నుంచి ఎవడో "సార్, అది మా ఊరే" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నిజమే మరి. మా పక్క పత్తి తీతలు అయిపోగానే పల్లెలు ఖాళీ అవుతాయి. మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి, వలస కూలికి పోతారు, పిల్లల్ని వెంటేసుకుని. ఉగాదికి గానీ రారు. పెద్దవాళ్ళు వస్తారు, పిల్లలూ వస్తారు, కానీ బడికి రారు. అన్ని నెలలు పోయాక ఏం అర్థమవుతుందని మొహం చాటేస్తారు. అంతకు ముందు ఏడాది నా తరగతిలో తొమ్మిదిమంది పోతే తిరిగి బెంచీ ఎక్కింది ముగ్గురు. మిగిలిన ఆరుగురిలో ఇద్దరు ఆడపిల్లలకు పెళ్ళిళ్ళయ్యాయి.

మూడో బెంచీలో మధ్యన కూర్చునే మహాదేవి లేచి నిలబడింది. మాట తక్కువ, లెక్క చురుకు.

"పోయిన చోట చెల్లని పైసలు దాసుకుంటారు సార్."

"యాల పాపా?"

"ఆడ చెల్లితే ఆడనే ఖర్చయిపోతాది గదా సార్. చెల్లకుంటే జేబులోనే ఉంటాది. జేబులో ఉంటే, అది చెల్లేచోటికి మళ్ళా రావల్ల అనిపిస్తాది."

చాచా టోపీ తీసి తల గోక్కుని మళ్ళీ పెట్టుకున్నాడు. తిరిగి పోయేటప్పుడు ఆటో దిగుతూ, "ఆ పాప నాకంటే ముందరే ఆ లోకానికి పోయొచ్చింది" అన్నాడు.

సంక్రాంతి దాటిందో లేదో, పదకొండుమంది పిల్లలు పోతున్నారని తెలిసింది. మహాదేవి కూడా. నేను వాళ్ళింటికి పోయి వాళ్ళ నాయనతో పోట్లాడాను. ఆయన తలకాయ వంచుకుని, "ఈయేడు పత్తి సూసినారు గదా మేడం, సగం కాయ రాలిపాయ. పోకుంటే ఏం తినల్ల?" అన్నాడు. మీరు పోండి, పాపను హాస్టల్లో పెట్టండి అన్నాను. వాళ్ళమ్మ లోపల్నుంచే, "వయసొచ్చిన పిల్ల మేడం. తోడు లేకుండ ఒక్కదాన్నే ఇడిసిపెట్టి యాడికి పోదు? నాకు ఆడ నిద్ర పడ్తాదా?" అంది. ఆమె భయం ఆమెది. ఆ కోపమంతా తీసుకుపోయి చాచా అరుగు మీద దించాను.

చాచా అంతా విని, మిషను పక్కన పెట్టాడు. "మా ఇండ్లల్లో సఫరుకు, దూరం ఊర్లకు పోయేవాళ్ళ జబ్బకు ఇమామ్ జామిన్ అని గుడ్డలో రూపాయి కడ్తాము. దోవలో ఎంత కష్టమొచ్చినా దాన్ని ముట్టరు. సల్లగా చేరినాక విప్పి బీదోళ్ళకిస్తారు. ఆ పాప సెప్పిందీ అదే గదా? పిల్లోళ్ళకు కడదాం."

"వాళ్ళకు కావాల్సింది బిళ్ళలు కాదు చాచా, బడి!" అని విసుక్కున్నాను.

"బడి నీ చేతిలో ఉండాది, బిళ్ళ నా చేతిలో ఉండాది. ఎవురి పని వాళ్ళు చేద్దాము. ఆ పాప యాడ కూసుంటాది?"

"మూడో బెంచీ, నడుమ."

"ఇంగో పిల్లోడు?"

పదకొండుమందీ ఎక్కడ కూర్చుంటారో అడిగాడు. కళ్ళు మూసుకుని చెప్పాను. ఒక్కొక్క స్టీలు బిళ్ళ మీద తరగతి బెంచీలన్నీ సన్నగీతలతో గీసి, ఆ పిల్ల కూర్చునే చోట ఒక చుక్క పెట్టాడు. పేర్లు వేయవా చాచా అన్నాను. ఆయన వృత్తే అది కదా.

"పేరు వద్దు. పేరు యాడికి పోయినా ఎంట వస్తాది. జాగానే ఈడ ఉండిపోయేది" అన్నాడు.

బండి ఎక్కే పొద్దున చాచా, చాచీ ఇద్దరూ పల్లెకు వచ్చారు. అన్ని మాటలన్న చాచీ తన పాత ఆకుపచ్చ చీర చించి పట్టీలు తెచ్చింది. కొందరు తల్లులు పసుపుగుడ్డ అయితే బాగుండునమ్మా అన్నారు. చాచీ సంచీలోంచి పసుపు పట్టీలు కూడా తీసింది. "రంగు మీ ఇష్టం, ముడి మాత్రం గట్టిగ ఏపించుకోండి" అంది. చాచా ఒక్కొక్కరి జబ్బకు కడుతూ చెప్పింది ఒకటే మాట. "ఇది ఆడ ఎవురూ తీసుకోరు. టీ అంగడోడు తీసుకోడు, బొరుగులోడు తీసుకోడు. మళ్ళా వచ్చి మీ టీచరమ్మ చేతిలో పెడితే మీ జాగా మీకిస్తాది."

నన్ను అడగకుండానే నన్ను జామీను పెట్టేశాడు పెద్దమనిషి. పదకొండుమంది పిల్లలు నావైపు చూశారు. నేను తల ఊపాను. ఊపకుండా ఎట్లా ఉంటాను?

అంతే, ఆ జాగాలు కాపలా కాయడం నా పనైపోయింది. ఎవరైనా జరిగి కూర్చుంటే కేకలేసేదాన్ని. తనిఖీకి వచ్చిన అధికారి "బెంచీల మధ్య ఈ పళ్ళూడిన సందులేంటమ్మా" అన్నాడు. రిజర్వు సార్ అన్నాను. హెడ్మాస్టరు దగ్గాడు గానీ నన్ను పట్టివ్వలేదు.

రంజాన్ నెలలో, ఒక మధ్యాహ్నం, నమాజుకు చేతులు కడుక్కుంటూ చాచా కూలబడిపోయాడు. అంతే. నాకు తెలిసేసరికి అంతా అయిపోయింది. పోయి చాచీ పక్కన కూర్చున్నాను. ఆమె, "పిల్లోళ్ళు వచ్చినారేమో టీచరమ్మకు ఫోను చెయ్యి అని పొద్దన్నే అన్న్యాడమ్మా. ఇంగా ఉగాది కాలేదు, పిచ్చోడా అని నేనే కసిరినా" అంది. ఇద్దరం ఏడ్చాం. అరుగు మీద గోనె అలాగే ఉందని, ఎవరూ తీయడం లేదని అంగడాయన చెప్పాడు. చాచా లేని లోకాల బిళ్ళలు దాచుకున్న డబ్బా ఇల్లు సర్దేటప్పుడు ఎవరో పాత సామాన్లకు వేసేశారట. చాచీ అది చెప్పి నొచ్చుకుంది.

ఉగాది అయింది. పండగకు బండ్లు వస్తున్నాయని విన్నాను. బడి తెరిచిన రోజు నేను తెల్లవారకముందే తయారయ్యాను. మనసులో చాచాతోనే పోట్లాట. బిళ్ళలకు పిల్లలు వస్తారా చాచా? నాకు ఆశ పెట్టి నువ్వు పోతివి, రాకుంటే ఎవరితో చెప్పుకోవాలి?

మొదట ఇద్దరు వచ్చారు. మిరప ఘాటుకు కళ్ళు ఎర్రగా, చేతులు కమిలిపోయి. పట్టీ విప్పి బిళ్ళ నా అరచేతిలో పెట్టి, పోయి తమ జాగాలో కూర్చున్నారు. మరుసటి రోజు నలుగురు. ఆ వారం చివరికి పదిమంది. పదిమంది! ప్రతిసారీ "సార్ ఏరి టీచర్?" అని అడిగారు. చెప్పాను. ఒక పిల్లాడు అక్కడే కూర్చుని మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు.

మహాదేవి రాలేదు. మూడో బెంచీ నడుమ సందు అట్లాగే ఉంది. వాళ్ళ బండి ఇంకా రాలేదన్నారు. కోత ఆలస్యమైందన్నారు. ఇంకెవరో సంబంధం కుదిరిందట అన్నారు. ఆ మాట విన్నరోజు నేను తరగతిలో కూడిక తప్పు వేశాను.

తరువాతి సోమవారం ప్రార్థన అయ్యాక గేటు దగ్గర మహాదేవి కనబడింది. పరుగున పోయాను. మొదట చూసింది దాని జబ్బ. పట్టీ లేదు.

"బిళ్ళేది?"

"ఖర్చు పెట్టినా టీచర్."

"యాడ? ఆడ చెల్లదు గదా!"

"ఆడ చెల్లదు టీచర్. ఈడ చెల్లుతాదని సెప్పి ఇచ్చినా" అని పక్కకు జరిగింది.

వెనక ఒక పిల్ల. మహాదేవి ఈడుదే, చిక్కి ఉంది. పిడికిలి గట్టిగా మూసుకుని ఉంది. పక్కన వాళ్ళమ్మ, చేతిలో మూట. తుగ్గలి పక్క పల్లె వాళ్ళది. మిరప తోటలో పక్కపక్క సాళ్ళలో కోశారట ఇద్దరు పిల్లలూ. ఆ పిల్ల ఐదో తరగతితో మానేసి రెండేళ్ళయింది.

"సర్కారు బిళ్ళంట గదా మేడం" అంది వాళ్ళమ్మ. "ఇది సూపిస్తే మీ బడిలో సీటిస్తారంట, హాస్టల్లో ఉండేకి తావు గూడా ఇస్తారంట. ఈ పాప తోడుంటానని సెప్పింది. ఈ పాప వాళ్ళమ్మ గూడా ఇద్దరైతే హాస్టల్లో ఉంచుతానన్నెది. రెండు బస్సులు మారి వచ్చినాము. ఇది ఇంగా చెల్లుతాదా మేడం? తారీకు ఐపోయిందా?"

మహాదేవి నా మొహంలోకి చూస్తోంది. హెడ్మాస్టరు నా వెనకే వచ్చి నిలబడి అంతా విన్నాడు. "టీసీ?" అన్నాడు మెల్లగా. నేను తిరిగి చూశాను. నా చూపు ఎట్లా ఉందో నాకు తెలియదు. "సరేలేమ్మా, ఐదు చదివిన బడికి నేను ఫోన్ చేస్తా. హాస్టల్ వార్డెన్‌తో కూడా మాట్లాడతా" అని గబగబా గదిలోకి పోయాడు.

"చెల్లుతాదమ్మా" అన్నాను. మళ్ళీ అన్నాను, "చెల్లుతాది."

"నా జాగా ఆ పాపది టీచర్" అంది మహాదేవి. "నేను కింద కూసుంటా."

"నోర్ముయ్. నడు, జరిగి కూర్చోండి ఇద్దరూ" అన్నాను.

తరగతిలో మూడో బెంచీలో పిల్లలు సర్దుకున్నారు. నేను పదిమంది దగ్గర చాపినట్టే చెయ్యి చాపాను. కొత్త పిల్ల పిడికిలి తెరవలేదు. నా చేతిని చూసింది, కిటికీలోంచి గేటు దగ్గర నిలబడ్డ తల్లిని చూసింది.

"ఇచ్చేసినాక పొమ్మనరు గదా టీచర్?"

"అనను."

ఒక్కొక్క వేలే విప్పింది. అరచేతిలో బిళ్ళ అచ్చు గుండ్రంగా దిగిపోయి ఉంది, ఎంతసేపటినుంచి పట్టుకుందో. బిళ్ళ తీసుకుని, ఆమె పేరు అడిగి, హాజరు పట్టీలో చివరి పేరు కింద రాశాను.